లినక్స్‌లో జావా మొరాయిస్తే: రీస్టార్ట్ కొట్టే ముందు చూడాల్సినవి

సర్వర్ మీద జావా ప్రోగ్రాం పడిపోతే చెయ్యి ముందుగా రీస్టార్ట్ మీదికే పోతుంది. దాంతో సర్వీసు లేస్తుంది కానీ థ్రెడ్లు ఎక్కడ ఆగాయి, ఏ ఫైళ్లు తెరిచి ఉన్నాయి, మెమరీ ఎవరు తిన్నారు అన్న సాక్ష్యమంతా పోతుంది. వారం తర్వాత మళ్లీ అదే గొడవ. అందుకే ముందు ఒక్క సంగతి తేల్చుకోవాలి: ఫిర్యాదు చేస్తున్నది ఎవరు? షెల్లా, జేవీఎమ్మా (జావా ప్రోగ్రాంను నడిపే ఇంజన్), కెర్నెలా (లినక్స్ గుండెకాయ), మన కోడా? ఒక్కొక్కరూ తమ వాంగ్మూలాన్ని ఒక్కో చోట వదిలి వెళ్తారు.

ఇక్కడి వివరాలు ఉబుంటు లేదా డెబియన్ మీద ఓపెన్‌జేడీకే, సిస్టమ్‌డీ (సర్వీసులను లేపి చూసుకునేది) వాడేవారికి. కమాండ్లను తెలుగు లిపిలో రాశాం. టెర్మినల్‌లో మాత్రం వాటి అసలు స్పెల్లింగే కొట్టాలి, చిన్నా పెద్దా అక్షరాల తేడాతో సహా.

అసలు నడుస్తున్నది ఏ జావా?

టెర్మినల్‌లో ‘జావా -వెర్షన్’ కొడితే కనిపించేది మీ షెల్ చూస్తున్న జావా. సర్వీసు వాడేది అదే కావాలని ఏమీ లేదు. నడుస్తున్న ప్రాసెస్ నంబరు 4321 అనుకుంటే, దాన్నే అడగండి:

ఎల్ఎస్ -ఎల్ /ప్రోక్/4321/ఈఎక్స్ఈ

ఈ లింకు ఏ ఫోల్డర్ వైపు చూపిస్తే ఆ జావాయే నడుస్తున్నట్టు. పక్కనే ఉన్న ‘/ప్రోక్/4321/ఎన్విరాన్’ ఫైలులో ఆ ప్రాసెస్ ఏ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌తో మొదలైందో ఉంటుంది.

గందరగోళానికి మూలం చాలాసార్లు ఇక్కడే. ‘అప్‌డేట్-ఆల్టర్నేటివ్స్ --కాన్ఫిగ్ జావా’ మార్చేది జావా లింకును మాత్రమే. జావాసీకి (కంపైలర్‌కు) విడిగా చేయాలి. జావా ఎక్కడుందో చెప్పే జావా_హోమ్ వేరియబుల్‌ను ఆ రెండూ ముట్టుకోవు. బిల్డ్ టూల్ మావెన్ మాత్రం మొదట జావా_హోమ్‌నే చూస్తుంది కాబట్టి, బిల్డ్ సమస్యల్లో ‘ఎంవీఎన్ -వెర్షన్’ చూపించే జావాయే లెక్క. ఇక హోమ్ ఫోల్డర్‌లోని డాట్ బాష్‌ఆర్‌సీలో పెట్టిన ఎక్స్‌పోర్ట్‌లను సిస్టమ్‌డీ చదవనే చదవదు. సర్వీసుకు కావాల్సినవి ‘సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్’తో యూనిట్ ఫైలులో (సర్వీసు సెట్టింగుల ఫైలు) ‘ఎన్విరాన్‌మెంట్=’ వరుసగా రాయాలి. ‘నా దగ్గర నడుస్తోంది, సర్వీసుగా నడవడం లేదు’ అన్నప్పుడు ముందు తట్టాల్సిన తలుపు ఇదే.

‘అన్‌సపోర్టెడ్‌క్లాస్‌వెర్షన్‌ఎర్రర్’ వస్తే అందులోని అంకె నుంచి 44 తీసేయండి, జావా వెర్షన్ తేలుతుంది. 52 అంటే జావా 8, 55 అంటే 11, 61 అంటే 17, 65 అంటే 21. కొత్త దాంతో కంపైల్ చేసి పాతదాని మీద నడుపుతున్నారన్నమాట. దీనికి ‘-సోర్స్ 8 -టార్గెట్ 8’ పెట్టి సరిపెట్టుకోకండి. అవి భాషనూ బైట్‌కోడ్‌నూ అదుపు చేస్తాయి గానీ, లైబ్రరీ మెథడ్లు పాత జావాలో ఉన్నాయో లేదో చూడవు. జావా 9లో బైట్‌బఫర్ క్లాసు ‘ఫ్లిప్’ మెథడ్ రిటర్న్ టైపు మారింది. అలా కంపైల్ చేసిన జార్‌ను జావా 8 మీద నడిపితే క్లాస్ వెర్షన్ గొడవ రాదు, తీరా ఫ్లిప్ పిలిచేచోట ‘నోసచ్‌మెథడ్‌ఎర్రర్’ పేలుతుంది. ‘--రిలీజ్ 8’ వాడితే లైబ్రరీ కూడా ఆ వెర్షన్‌దే చూస్తుంది కాబట్టి ఈ బాధ ఉండదు.

ప్రాసెస్ చచ్చిపోతే

ఎగ్జిట్ కోడ్ చూడకుండా లాగ్ ఫైళ్లు తవ్వడం వృథా శ్రమ. 128 కంటే పెద్ద అంకె వస్తే 128 తీసేయండి, మిగిలేది సిగ్నల్ నంబరు.

143 అంటే సిగ్నల్ 15. ఎవరో మర్యాదగా ఆపమన్నారు. ఇది రోగం కాదు. కానీ సిస్టమ్‌డీ దీన్ని ఫెయిల్యూర్‌గా ఎర్రగా చూపిస్తుంది. యూనిట్‌లో ‘సక్సెస్‌ఎగ్జిట్‌స్టేటస్=143’ పెడితే ఆ ఎరుపు పోతుంది.

134 అంటే జేవీఎం తనంతట తాను కూలింది. వర్కింగ్ డైరెక్టరీలో ‘హెచ్ఎస్_ఎర్ర్_పిడ్’తో మొదలయ్యే లాగ్ ఉంటుంది. వేల వరుసల ఆ ఫైలులో ముందు చదవాల్సింది ‘ప్రాబ్లమాటిక్ ఫ్రేమ్’ కింది వరుస ఒక్కటే. అది పెద్ద సీతో మొదలైతే ఏదో నేటివ్ లైబ్రరీ (జావాలో కాక సీ లాంటి భాషల్లో రాసింది) తప్పు, దాని పేరు పక్కనే ఉంటుంది. పెద్ద వీ అయితే జేవీఎం లోపలే తేడా. అదే జావా వెర్షన్‌లోని తాజా అప్‌డేట్‌కు మారి చూడండి. ఫైలే కనపడకపోతే సర్వీసు యూజర్‌కు ఆ డైరెక్టరీలో రాసే అనుమతి ఉందో లేదో చూసుకోండి.

137 దగ్గర కాస్త ఆగాలి, ఎక్కువమంది దారి తప్పేది ఇక్కడే. ఇది సిగ్నల్ 9. దీన్ని ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు కాబట్టి జావా లాగ్‌లో ఒక్క ముక్క కూడా ఉండదు, హీప్ (జావా ఆబ్జెక్టులు ఉండే మెమరీ) డంప్ రాదు, క్రాష్ ఫైలూ రాదు. వాంగ్మూలం కెర్నెల్ దగ్గరుంది:

జర్నల్‌సీటీఎల్ -కె | గ్రెప్ -ఐ "కిల్డ్ ప్రాసెస్"

వరుస దొరికితే చంపింది ఓఓఎం కిల్లర్, అంటే మెమరీ అయిపోతే ప్రాసెస్‌ను చంపే కెర్నెల్ భాగం. అందులోని ‘అనాన్-ఆర్ఎస్ఎస్’ అంకె చచ్చేనాటికి ప్రాసెస్ ఎంత మెమరీ పట్టుకుని ఉందో చెబుతుంది. ఇప్పుడు చేయకూడని పని హీప్ గరిష్ఠాన్ని చెప్పే ఎక్స్‌ఎంఎక్స్ పెంచడం. మెషిన్‌లోనో కంటైనర్‌లోనో చోటు చాలక చంపితే, హీప్‌కు ఇంకా చోటు ఇస్తే ఇంకా తొందరగా చస్తుంది.

ఎక్స్‌ఎంఎక్స్ అనేది హీప్‌కు మాత్రమే హద్దు, ప్రాసెస్ మొత్తానికి కాదు. దానిపైన క్లాసుల వివరాలుండే మెటాస్పేస్, కంపైలైన కోడ్ దాచే కోడ్ క్యాష్, ప్రతి థ్రెడ్‌కూ స్టాక్ (64 బిట్ ఇంటెల్ లినక్స్‌లో డిఫాల్ట్ 1 ఎంబీ, వాడినంత మేరకే నిజంగా ఖర్చు), హీప్ బయటుండే డైరెక్ట్ బఫర్లు, జీసీ (వాడని మెమరీని ఏరేసేది) సొంత లెక్కల పట్టీలు ఉంటాయి. డైరెక్ట్ బఫర్లకు విడిగా హద్దు పెట్టకపోతే అవి హీప్ గరిష్ఠం అంత వరకూ పెరగొచ్చు. కాబట్టి 2 జీబీ కంటైనర్‌లో ‘-ఎక్స్‌ఎంఎక్స్2జీ’ పెట్టడమంటే చావుకు ముహూర్తం పెట్టడమే. హీప్‌కు 60 నుంచి 70 శాతం ఇచ్చి మొదలుపెట్టండి. ‘-ఎక్స్ఎక్స్:మ్యాక్స్‌ర్యామ్‌పర్సెంటేజ్=65.0’ అంటే కంటైనర్ సైజు మారినా లెక్క తప్పదు. ఏమీ చెప్పకపోతే జేవీఎం తనకు కనిపించే మెమరీలో నాలుగో వంతు తీసుకుంటుంది.

‘కనిపించే మెమరీ’లో ఒక మెలిక ఉంది. కొత్త డిస్ట్రిబ్యూషన్లన్నీ కంటైనర్ హద్దులు పెట్టే సీగ్రూప్ రెండో వెర్షన్‌కు మారాయి. జావా 15 నుంచి అది అర్థమవుతుంది. పాత వెర్షన్లలో 11.0.16 నుంచి, 8 అప్‌డేట్ 372 నుంచి అర్థమవుతుంది. అంతకు ముందువి కంటైనర్ హద్దును చూడలేక హోస్ట్ మెమరీని చూస్తాయి. హోస్ట్‌కు 64 జీబీ ఉంటే, 2 జీబీ కంటైనర్‌లో కూర్చుని 16 జీబీ హీప్‌కు ప్లాన్ వేస్తాయి. పాత సర్వర్‌లో ఏళ్లుగా నడిచిన ఇమేజ్ కొత్త హోస్ట్ మీదికి మార్చగానే 137తో పడితే అనుమానించాల్సింది దీన్నే. ‘జావా -ఎక్స్ఎక్స్:+ప్రింట్‌ఫ్లాగ్స్‌ఫైనల్ -వెర్షన్’ కంటైనర్ లోపల నడిపి ‘మ్యాక్స్‌హీప్‌సైజ్’ వరుస చూస్తే నిమిషంలో తేలుతుంది.

హీప్ సరిగ్గానే ఉండి ప్రాసెస్ మాత్రం ఉబ్బుతుంటే ‘-ఎక్స్ఎక్స్:నేటివ్‌మెమరీట్రాకింగ్=సమ్మరీ’తో మొదలుపెట్టి, కాసేపయ్యాక బేస్‌లైన్ తీసుకోండి. ఉబ్బిన తర్వాత తేడా అడగండి, రెండింటికీ జేడీకేలోని జేసీఎండీ కమాండే:

జేసీఎండీ 4321 వీఎం.నేటివ్_మెమరీ బేస్‌లైన్
జేసీఎండీ 4321 వీఎం.నేటివ్_మెమరీ సమ్మరీ.డిఫ్

థ్రెడ్ వరుస పెరిగితే థ్రెడ్ పూల్ లీకు, క్లాస్ వరుస పెరిగితే క్లాస్‌లోడర్ లీకు. ఈ లెక్కకూ కెర్నెల్ చూపించే ఆర్ఎస్ఎస్‌కూ (ప్రాసెస్ నిజంగా పట్టుకున్న ర్యామ్‌కూ) మధ్య వందల ఎంబీల తేడా ఉంటే దోషి జేవీఎం కాదు. నేటివ్ లైబ్రరీ కావచ్చు, లేదా జీలిబ్‌సీ (లినక్స్ మూల సీ లైబ్రరీ) మాలక్ తన అరీనాలను (మెమరీ గుంపులను) పోగేసుకుని ఉండొచ్చు. రెండోదాని కోసం ‘మాలక్_అరీనా_మ్యాక్స్=2’ అని ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టి చూడండి. ట్రాకింగ్‌కు కొంత వేగం ఖర్చవుతుంది, పని అయ్యాక తీసేయండి.

కోడ్ లోపలినుంచే ‘అవుట్‌ఆఫ్‌మెమరీఎర్రర్’ వస్తే కథ వేరు. అప్పుడు పక్కనున్న మాటలు చదవాలి. ‘జావా హీప్ స్పేస్’ అయితే ‘-ఎక్స్ఎక్స్:+హీప్‌డంప్‌ఆన్‌అవుట్‌ఆఫ్‌మెమరీఎర్రర్’ ముందే పెట్టి ఉండాలి. డంప్ దాదాపు హీప్ అంత పెద్దది కావచ్చు, డిస్క్‌లో చోటు చూసుకోండి. ‘అనేబుల్ టు క్రియేట్ నేటివ్ థ్రెడ్’ అయితే పేరులో మెమరీ ఉన్నా జబ్బు సాధారణంగా మెమరీది కాదు, థ్రెడ్ల సంఖ్య హద్దుది:

సిస్టమ్‌సీటీఎల్ షో -పి టాస్క్స్‌కరెంట్ -పి టాస్క్స్‌మ్యాక్స్ సర్వీసుపేరు

రెండు అంకెలూ దగ్గర పడితే కారణం దొరికినట్టే. కానీ హద్దు పెంచే ముందు అన్ని వేల థ్రెడ్లు ఎందుకు పుట్టాయో చూడండి. రిక్వెస్టుకో కొత్త ఎగ్జిక్యూటర్ తెరిచి షట్‌డౌన్ మరిచిన కోడ్ తరచూ బయటపడుతుంది.

బతికే ఉంది, కానీ పలకడం లేదు

రీస్టార్ట్ చేయక తప్పకపోయినా, దానికి ముందు మూడు థ్రెడ్ డంప్‌లు (ఏ థ్రెడ్ ఎక్కడుందో చూపే జాబితాలు) తీయండి, ఒక్కోదానికీ మధ్య పది సెకన్లు. ఒక్క డంప్ ఫొటో లాంటిది, థ్రెడ్ కదులుతోందో ఆగిందో చెప్పదు.

జేసీఎండీ 4321 థ్రెడ్.ప్రింట్ > డంప్1.టీఎక్స్‌టీ

ఈ కమాండ్‌ను సర్వీసు ఏ యూజర్‌తో నడుస్తోందో ఆ యూజర్‌గానే కొట్టాలి: ‘సుడో -యు టామ్‌క్యాట్ జేసీఎండీ ...’ అని. కమాండే లేదంటే మెషిన్‌లో ఉన్నది జేఆర్‌ఈ (ప్రోగ్రాం నడపడానికే పనికొచ్చేది) మాత్రమే, జేడీకే హెడ్‌లెస్ ప్యాకేజీ వేసుకోవాలి. ఏదీ కుదరకపోతే ‘కిల్ -3 4321’. పేరు చూసి భయపడక్కర్లేదు, ప్రాసెస్ చావదు. డంప్ స్టాండర్డ్ అవుట్‌పుట్‌లోకి, అంటే మామూలుగా జర్నల్‌లోకి వస్తుంది.

సీపీయూ మండిపోతుంటే ‘టాప్ -హెచ్ -పి 4321’తో ఏ థ్రెడ్ తింటోందో చూడండి, ఇక్కడ హెచ్ పెద్దది. నంబరు 4387 అనుకుందాం. జావా 17, అంతకు ముందు డంప్‌లలో ఈ థ్రెడ్ నంబరు ‘ఎన్ఐడీ’ పేరుతో హెక్సాలో ఉంటుంది కాబట్టి దాన్ని మార్చుకుని ‘0ఎక్స్1123’ కోసం వెతకాలి. జావా 21లో నేరుగా 4387 అనే ఉంటుంది. దొరికిన థ్రెడ్ జీసీది అయితే సమస్య ఆ కోడ్ వరుసలో లేదు, హీప్ నిండిపోయి జీసీ ఊపిరాడక తిరుగుతోంది.

సీపీయూ చల్లగా ఉండి పలకకపోతే ‘బ్లాక్డ్’ థ్రెడ్లు అన్నీ ఎదురుచూస్తున్న తాళం చిరునామా పట్టుకుని, అదే చిరునామాను ‘లాక్డ్’ అని పట్టుకున్న థ్రెడ్ ఎవరో చూడండి. ‘రన్నబుల్’ అన్న మాటను మాత్రం నమ్మకండి. సాకెట్ రీడ్‌లో డేటాబేస్ జవాబు కోసం గంటగా కూర్చున్న థ్రెడ్‌ను కూడా జేవీఎం అలాగే చూపిస్తుంది. మూడు డంప్‌లలోనూ అదే థ్రెడ్ అదే సాకెట్ రీడ్‌లో ఉంటే టైమ్‌అవుట్ పెట్టలేదని అర్థం.

చిన్నవే, కానీ గంటలు తినేవి

‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ రాగానే లిమిట్స్ డాట్ కాన్ఫ్ మార్చేవారు ఎక్కువ. సిస్టమ్‌డీ సర్వీసులకు ఆ ఫైలు వర్తించదు, యూనిట్‌లో ‘లిమిట్‌ఎన్ఓఫైల్=’ రాయాలి. పైగా జేవీఎం మొదలవగానే సాఫ్ట్ హద్దును హార్డ్ హద్దు దాకా తనే పెంచుకుంటుంది. ‘/ప్రోక్/4321/లిమిట్స్’లో హార్డ్ అంకె లక్షల్లో ఉన్నా ఎర్రర్ వస్తోందంటే అది లీకే. ‘/ప్రోక్/4321/ఎఫ్‌డీ’లో ఏ పేరు పదేపదే కనిపిస్తోందో చూడండి.

ఫైలు కళ్లెదుటే ఉన్నా ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అంటే రెండు కారణాలు. స్క్రిప్ట్ అయితే విండోస్ లైన్ ఎండింగ్‌లు వచ్చి చేరాయి, ‘డాస్2యూనిక్స్’తో పోతాయి. జావా బైనరీయే అలా అంటే, జీలిబ్‌సీ కోసం తయారైన జేడీకేను మజిల్ లైబ్రరీ వాడే ఆల్పైన్‌లో పెట్టారు. ఆల్పైన్‌కు తయారైన ప్యాకేజీయే వాడాలి.

80 లాంటి 1024 కంటే తక్కువ పోర్టు కోసం జావా బైనరీకి సెట్‌క్యాప్‌తో ప్రత్యేక అనుమతి ఇవ్వకండి. చేస్తే ‘లిబ్‌జేఎల్ఐ’ దొరకడం లేదని జావాయే లేవకపోవచ్చు. యూనిట్‌లో ‘యాంబియంట్‌క్యాపబిలిటీస్=క్యాప్_నెట్_బైండ్_సర్వీస్’ చాలు.

తెలుగు అక్షరాలు పాడైతే

మూడు లక్షణాలు, మూడు వేర్వేరు జబ్బులు. ప్రశ్న గుర్తులు వస్తే రాసేటప్పుడే అక్షరం పోయింది, ఆ డేటా తిరిగి రాదు. టోపీలూ గీతలూ ఉన్న ఇంగ్లీషు అక్షరాలు, డిగ్రీ గుర్తులు వరుసకడితే యూటీఎఫ్-8 బైట్లను ఎవరో లాటిన్ అనుకుని చదివారు. ఒక్కో తెలుగు గుర్తు మూడు బైట్లు కాబట్టి, ఒక్కోటి మూడుగా చీలుతుంది. దీన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు. ఖాళీ డబ్బాలు వస్తే డేటా బాగానే ఉంది, ఫాంట్ లేదు.

మొదటి రెండింటికీ మూలం తరచూ సర్వీసుకు లొకేల్ (భాష, ఎన్‌కోడింగ్ సెట్టింగు) లేకపోవడం. జావా 18 నుంచి ఫైలు లోపలి డిఫాల్ట్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అయింది. 17, అంతకు ముందువాటికి ‘-డిఫైల్.ఎన్‌కోడింగ్=యూటీఎఫ్-8’ ఇవ్వాలి, ఇక్కడి డీ పెద్దది. ఫైళ్ల పేర్లు మాత్రం కొత్త జావాలోనూ లొకేల్‌నే నమ్ముకుంటాయి. అందుకే తెలుగు పేరుతో అప్‌లోడైన ఫైలు సర్వీసులో తెరుచుకోకపోతే యూనిట్‌లో ‘ఎన్విరాన్‌మెంట్=లాంగ్=సి.యూటీఎఫ్-8’ పెట్టండి. కోడ్‌లోనే తెలుగు స్ట్రింగులు ఉంటే జావాసీకి కూడా ‘-ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8’ చెప్పాలి.

డబ్బాలకు మందు ‘ఫాంట్‌కాన్ఫిగ్’, ‘ఫాంట్స్-నోటో-కోర్’ ప్యాకేజీలు. ‘ఎఫ్‌సీ-లిస్ట్ :లాంగ్=టీఈ’ కొడితే నోటో సాన్స్ తెలుగు కనపడాలి. ఫాంట్ ఉండి కూడా పీడీఎఫ్‌లో ‘స్త్రీ’ విడివిడి ముక్కలుగా, వత్తులు పక్కకు జరిగి వస్తుంటే ఎన్‌కోడింగ్ జోలికి వెళ్లకండి. ఆ పీడీఎఫ్ లైబ్రరీ అక్షరాలను ఒకదాని పక్కన ఒకటి పేరుస్తోంది తప్ప తెలుగుకు కావాల్సిన షేపింగ్ (వత్తులను అక్షరానికి అతికించడం) చేయడం లేదు. షేపింగ్ తెలిసిన లైబ్రరీకి మారడమో, బ్రౌజర్ ఇంజన్‌తో హెచ్‌టీఎంఎల్ నుంచి పీడీఎఫ్ తీయడమో చేయాలి.