అమైనో ఆమ్లం వేయని ఫ్లాస్కు

ప్రకృతిసిద్ధమైన ఇరవైలో లేని అమైనో ఆమ్లాన్ని ప్రోటీన్‌లో ఇమడ్చాలని వచ్చే విద్యార్థులకు నేను మొదట చెప్పేది ఒకటే: రెండు ఫ్లాస్కులు పెట్టండి. ఒకదానిలో ఆ అమైనో ఆమ్లం వేయండి, రెండోదానిలో వేయకండి. రెండో ఫ్లాస్కు లేని ఫలితాన్ని నేను నమ్మను.

ప్రోటీన్ తయారీని ఇక్కడ ఆపమని చెప్పే మూడక్షరాల సంకేతాలు స్టాప్ కోడాన్లు; ఈ.కోలై బ్యాక్టీరియాలో వాటిలో యూఏజీ అరుదు. అందుకే దానికి కొత్త పని అప్పగిస్తాం. దాన్ని చదివి అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే టీఆర్ఎన్ఏ, ఆ టీఆర్ఎన్ఏకు మనం కోరిన అమైనో ఆమ్లాన్నే తగిలించే సింథటేజ్ అనే ఎంజైమ్ కావాలి. ఈ జంట కణంలోని సొంత జంటలతో కలగాపులగం కాకూడదు కనుక వేరే జీవి నుంచి తెస్తాం. 2001లో రసాయన శాస్త్రవేత్త పీటర్ షుల్జ్ బృందం మెథానోకాకస్ జన్నాషియై అనే ఆర్కియా (బ్యాక్టీరియా కాని ఏకకణ జీవి) నుంచి తెచ్చిన జంటతో దీన్ని చేసి చూపింది. రంగు అణువులను అతికించడానికి పనికొచ్చే అజిడోఫినైల్‌అలనిన్ కోసం నేనూ ఆ జంటనే వాడతాను.

జన్యువు మధ్యలో టీఏజీ (డీఎన్ఏలో యూఏజీ రూపం) పెట్టే ముందు దాని చివరి మూడక్షరాలు చూడండి. నా మొదటి జన్యువు టీఏజీతోనే ముగిసేది, నేను గమనించలేదు. కణం అక్కడ కూడా ఆగకుండా చదువుకుంటూ పోయింది. ప్రోటీన్లను సైజును బట్టి విడదీసే జెల్‌లో గీత ఉండాల్సిన చోటికి కొంచెం పైన కనిపిస్తుంటే మూడు వారాలు సింథటేజ్‌నే అనుమానించాను. చివర టీఏఏ అనే మరో స్టాప్ కోడాన్ పెట్టండి. నికెల్‌కు అంటుకుని ప్రోటీన్‌ను శుద్ధి చేయడానికి పనికొచ్చే హిస్ ట్యాగ్ (హిస్టిడిన్ల వరుస) కూడా ప్రోటీన్ చివరే, ఆ టీఏఏకు ముందు ఉండాలి. టీఏజీ దగ్గర తెగిపోయిన ముక్కలకు అప్పుడు ట్యాగ్ ఉండదు, నికెల్ కాలమ్‌లో అవి నిలవవు.

అజిడోఫినైల్‌అలనిన్ నీటిలో సులువుగా కరగదు. కొద్దిపాటి సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కరిగించి, ఫ్లాస్కును తిప్పుతూ చుక్కచుక్కగా 1 మిల్లీమోలార్ వరకు కలపండి. వెలుతురు పడకుండా ఫ్లాస్కుకు రేకు చుట్టండి. కల్చర్ ఓడీ (కణాల సాంద్రతను చెప్పే కొలత) 0.6కు చేరాక, జన్యువులను మోసే ప్లాస్మిడ్‌లకు తగినట్టు, ఆ జన్యువులను పని చేయించే అరాబినోజ్, ఐపీటీజీ వేయండి.

మీ ప్రోటీన్ కన్నా ముందు, 150వ స్థానంలో టీఏజీ ఉన్న సూపర్‌ఫోల్డర్ జీఎఫ్‌పీ అనే పచ్చగా మెరిసే ప్రోటీన్‌తో పరీక్షించండి. మర్నాడు సెంట్రిఫ్యూజ్ చేస్తే ఒక గొట్టం అడుగున పచ్చని ముద్ద, రెండోదానిలో పాలిపోయిన ముద్ద కనిపించాలి. రెండూ పచ్చగా ఉంటే టీఏజీ దగ్గర మామూలు అమైనో ఆమ్లమే చేరుతోందన్నమాట. అక్కడే ఆగి సింథటేజ్‌ను మార్చండి.

రంగు చూసి సరిపెట్టుకోకుండా మాస్ స్పెక్ట్రోమీటర్‌లో బరువు తీయించండి. ఉండాల్సిన బరువు కన్నా 26 డాల్టన్లు (అణుభారపు ప్రమాణం) తగ్గితే, రంగు అణువును పట్టుకునే అజైడ్ భాగం అమీన్‌గా మారిపోయిందని అర్థం. శుద్ధి చేసే బఫర్లలోంచి, అజైడ్‌ను క్షయకరణం చేసే డీటీటీని తీసేసి మళ్లీ చేయండి.