కొత్త సంవత్సరం విందుకు కాక్‌టెయిల్ కలిపే ముందు

- సీసా మీద ఆల్కహాల్ శాతం చదవండి. తియ్యగా ఉంది కదా అని తేలికగా తీసుకోవద్దు. క్రీమ్ లిక్యూర్‌లో (మీగడ కలిపిన తియ్యటి మద్యం) సుమారు 17 శాతం ఉంటే, నారింజ రుచి గలవాటిలో కొన్ని 40 దాకా వెళ్తాయి, అంటే ఇంచుమించు విస్కీయే. కంటి అంచనా పనికిరాదు, 30 మిల్లీలీటర్ల కొలతతోనే పోయండి.

- క్రీమ్ లిక్యూర్‌లో నిమ్మరసం పడితే విరిగిపోతుంది. చిత్తూరు తోతాపురి గుజ్జులోనూ పులుపు ఉంటుంది, కాబట్టి దానికి నారింజ లిక్యూరే జోడీ. డబ్బా గుజ్జులో చక్కెర ముందే కలిపి ఉంటే వేరే పాకం ఎందుకు?

- సోడాను షేకర్‌లో కుదపకండి. చివర్లో గ్లాసులో పోస్తే చాలు.

- బాదం, హేజల్‌నట్ రుచులు వాడుతుంటే, అవి పడనివారు ఉన్నారేమో అడగండి.

- ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివారికి మద్యం ఇవ్వకూడదు. పిల్లల పన్నీరు సోడా వేరే బల్ల మీద ఉంచండి. రంగు చూసి పొరబడవచ్చు.

- మిగిలిన సీసాలు కారులో వదిలేయకండి. మర్నాడు అదే కారులో తిరుమల వెళ్తే చిక్కే: కొండపై మద్యం నిషిద్ధం, కొండ కింద అలిపిరి దగ్గర తనిఖీ చేస్తారు. మర్నాడు దర్శనం టికెట్టు ఉన్నవారిని అసలు ఈ విందుకు పిలవకపోవడమే మర్యాద అంటాను.