పైథాన్‌లో ఫైల్ చివరి నుంచి సీక్ చేస్తే వచ్చే ఎర్రర్: నేను ఇలా సరిచేశా

పెద్ద లాగ్ ఫైల్‌లో చివరి లైన్ల కోసం మొత్తం చదవడం దేనికని, సీక్‌కి మైనస్ 4096, 2 ఇచ్చా (సీక్ అంటే ఫైల్‌లో చదివే చోటుని జరిపే ఫంక్షన్; మైనస్ 4096 అంటే అన్ని బైట్లు వెనక్కి, 2 అంటే చివరి నుంచి లెక్క). టెక్స్ట్ మోడ్‌లో పైథాన్ 3 ఒప్పుకోలేదు, అక్కడ చివరి నుంచి సున్నా దూరం ఒక్కటే చెల్లుతుంది. సబబే లెండి, యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) 'కి' అనే అక్షరానికి గుడితో కలిపి 6 బైట్లు, గుడ్డిగా వెనక్కి దూకితే దాని మధ్యలో పడొచ్చు. అందుకని 'ఆర్‌బీ' మోడ్‌లో (rb, అంటే అక్షరాలుగా కాక బైట్లుగానే చదవడం) తెరిచి, సీక్ చేసి, వచ్చిన ముక్కలో మొదటి లైన్ సగమే ఉండొచ్చు కాబట్టి అది పారేసి, మిగిలింది డీకోడ్ చేశా, అంటే బైట్లని అక్షరాలుగా మార్చా. ఫైల్ 4096 బైట్ల కన్నా చిన్నదైతే మళ్ళీ ఎర్రరే! ముందు సీక్ 0, 2 చేసి టెల్‌తో (ఇప్పుడున్న చోటు ఎన్నో బైటో చెప్పే ఫంక్షన్) సైజు చూసుకోండి, చిన్నదైతే మొదటి నుంచే చదవండి, అప్పుడు మాత్రం ఏ లైనూ పారేయొద్దు.