అమ్మానాన్నలతో కలిసి 5 కిలోమీటర్ల రన్ పూర్తి చేయడం ఎలా?

యాభై దాటిన నాన్నతోనో అమ్మతోనో మొదటిసారి పరుగెత్తేవాళ్లు 5 కిలోమీటర్ల రన్‌కే పేరివ్వాలి. 10 వద్దు. నెల్లూరు, ఒంగోలు వాతావరణానికి జనవరి, ఫిబ్రవరి నెలలే సరైనవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు ఎప్పుడు పడతాయో తెలీదు. ఏప్రిల్ వచ్చిందంటే పొద్దున ఏడింటికే ఉక్కపోతతో చొక్కా పిండుకోవాల్సొస్తుంది.

ముందు డాక్టరు. బీపీ, షుగరు ఉన్నా లేకపోయినా ఈసీజీ తీయించాలి. ఆయన టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ చేసే గుండె పరీక్ష) కూడా చేయించమంటే వాయిదా వేయొద్దు. బీపీకి మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లకు గుండె వేగం పెద్దగా పెరగదు. కాబట్టి చేతి వాచీ చూపించే అంకెను నమ్ముకోకూడదు. రన్ ఉందని ఆ పూట మాత్ర మానేయడం అసలు పనికిరాదు. గ్లిమెపిరైడ్ లేదా ఇన్సులిన్ వాడేవాళ్లకు షుగరు హఠాత్తుగా పడిపోవచ్చు. పరుగు రోజు మోతాదు ఎంతో ముందే అడిగి పెట్టుకోండి, జేబులో గ్లూకోజు పొడి ఉంచండి.

బూట్లు సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ముందువైపు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. కాటన్ బనియన్ తడిసి ఒరుసుకుంటుంది, వద్దు. అమ్మ అయితే పాదాల దగ్గర బిగుతుగా ఉండే చుడీదార్ ప్యాంటు, పొట్టి టాప్. చున్నీ ఇంట్లోనే. మంగళసూత్రం ఎగిరెగిరి గుండెలకు తగులుతుంటే చేయి మాటిమాటికీ అక్కడికే పోతుంది, చేతులు ఊపడం ఆగిపోతుంది. లోపలివైపు పిన్నీసుతో బట్టకు కుట్టినట్టు పెడితే సరి.

సాధనకు పది వారాలు, రోజు విడిచి రోజు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా పదిసార్లు. రెండు మూడు వారాలకు 2–2 (రెండు నిమిషాలు పరుగు, రెండు నడక), ఆ తర్వాత 2–1, చివరికి 3–1. అక్కడ ఆపండి. రన్ రోజు కూడా ఇదే 3–1 పాటించాలి. మధ్యలో నడిస్తే పరువు తక్కువని సాగదీసే ఇళ్లలోనే నాలుగో కిలోమీటరులో మోకాళ్లు పట్టుకుంటాయి. కాళ్లు మొరాయించాక నడవడం వేరు, మొరాయించకముందే నడవడం వేరు. రెండోదానివల్లే చివరి కిలోమీటరులో పరుగు మిగులుతుంది.

మైపాడు, కొత్తపట్నం బీచుల్లో సాధన బాగుంటుందనుకుంటారు. మెత్తటి ఇసుకలో మడమ దిగబడి పిక్క, మడమ వెనకాల నరం లాగేస్తాయి. బీచికి స్నానానికి వెళ్లండి. పరుగుకు నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం లాంటి మైదానమో, ట్రాఫిక్ లేని తారురోడ్డో చాలు.

ఇక అందరూ చెడగొట్టేది వేగం దగ్గరే. పిల్లల పక్కన పరుగెత్తేటప్పుడు నాన్న ఆయాసం దాచిపెడతాడు. కొడుకు ఒక అడుగు ముందుంటే ఆ అడుగు అందుకోవడానికి లాగుతూనే ఉంటాడు, చెప్పడు. అందుకే మీరు ఎప్పుడూ పక్కన, అరడుగు వెనక ఉండాలి. ముందుకు పోయి వెనక్కి తిరిగి ‘రా నాన్నా, రా’ అని పిలవడం ప్రోత్సాహం కాదు, ఆయన గుండె మీద భారం.

లెక్క ఇలా వేయండి. చివరి సాధనలో 5 కిలోమీటర్లకు 45 నిమిషాలు పట్టిందంటే కిలోమీటరుకు 9 నిమిషాలు. రన్ రోజు మొదటి కిలోమీటరు తొమ్మిదిన్నర కంటే తక్కువలో పూర్తి కాకూడదు. డప్పులు, మైకు, పక్కన ఉరికే కుర్రాళ్లు కలిసి ఏడు నిమిషాలకు లాక్కుపోతారు. దీనికి మందు గుంపులో అందరికంటే వెనక నిలబడటమే. బిబ్‌కు (చొక్కాకు తగిలించుకునే నంబరు కాగితానికి) టైము లెక్కించే చిప్ ఉంటే స్టార్ట్ లైన్ మీది మ్యాట్ దాటినప్పటినుంచే మీ టైము లెక్క, ఆలస్యంగా దాటినా పోయేదేమీ లేదు.

‘అలసిపోయావా?’ అని అడగొద్దు. లేదనే అంటారు. పొడుగు జవాబు వచ్చే ప్రశ్న వేయండి: ‘నాన్నా, మన చేను కోతకు ఈసారి మిషన్ ఎవరిది పెట్టావు?’ గుక్క తిప్పుకోకుండా ఒక వాక్యం పూర్తిచేస్తే వేగం సరిపోయింది. రెండు మాటలకోసారి ఆగితే వెంటనే నడకలోకి దిగండి, గడియారం చూడొద్దు. చెవులకు పాటలు పెట్టుకుంటే ఈ పరీక్ష కుదరదు కాబట్టి ఇద్దరికీ ఇయర్‌ఫోన్లు నిషిద్ధం. అడుగుల చప్పుడు కూడా వినండి. తప్‌తప్ అని తేలిగ్గా పడేది ధప్‌ధప్ అని బరువెక్కితే కాళ్లు అయిపోతున్నాయని అర్థం. భుజాలు చెవులవైపు లేస్తే కూడా అంతే.

ఛాతీలో బరువు, ఎడమచేయి లేదా దవడ లాగడం, చల్లటి చెమట, కళ్లు తిరగడం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రన్ అక్కడితో ముగిసింది. కూర్చోబెట్టి వాలంటీరును పిలవండి, 108కి ఫోన్ చేయండి. ఫినిష్ లైన్ వంద మీటర్ల దూరంలో ఉన్నా సరే.

ముందురోజు రాత్రి చేపల పులుసు, పొద్దున కారం దోశ వద్దు. గంటన్నర ముందు రెండు ఇడ్లీలు, అరటిపండు చాలు. షుగరు ఉంటే అరటిపండు సంగతి డాక్టరును అడగండి.

చివరి రెండు వందల మీటర్లలో వేగం పెంచొద్దు, ఫొటో కోసం చేయి పట్టి లాగొద్దు. మ్యాట్ మీద ఆగకుండా దాటి, పది నిమిషాలు నడిపించండి. ఆగిన వెంటనే కూర్చుంటే రక్తం కాళ్లలో నిలిచి కళ్లు తిరుగుతాయి. నడుస్తూనే ఓఆర్ఎస్ గుక్కగుక్కగా తాగించండి. ప్యాకెట్ మీద లీటరు అని ఉంటే లీటరు నీళ్లలోనే కలపాలి, గ్లాసులో సగం ప్యాకెట్ వేయకూడదు. బీపీకి ఉప్పు తగ్గించమన్నవాళ్లకు అది కూడా డాక్టరు చెబితేనే, లేదంటే మామూలు నీళ్లు. మెట్లు దిగేటప్పుడు తొడలు నొప్పి పుట్టడం మామూలే, రెండు మూడు రోజుల్లో పోతుంది. మోకాలు వాచితే మాత్రం డాక్టరు చూసేదాకా పరుగు వద్దు.