మైన్‌క్రాఫ్ట్ లాంచర్‌లో ‘ఎగ్జిట్ కోడ్ 1’ వస్తే ఏం చేయాలి?

మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌లో ‘ప్లే’ బటన్ నొక్కగానే ఆట తెర క్షణం పాటు కనబడి మాయమై, ‘గేమ్ క్రాష్డ్’ అనే సందేశం, దాని కింద ‘ఎగ్జిట్ కోడ్: 1’ అనే మాట ప్రత్యక్షమవుతుంటాయి. ఆ అంకెనే సమస్య పేరుగా భావించి దాని కోసం వెదకడం వల్ల ప్రయోజనం తక్కువ. ఆట సక్రమంగా ముగియలేదన్న ఒక్క సంగతినే అది తెలుపుతుంది. ఆటను నడిపే జావా అనే సాఫ్ట్‌వేర్ వెర్షన్ సరిపడకపోయినా, ఒక మోడ్ (ఆటకు ఇతరులు చేసిన అదనపు హంగు) మరొకదానితో పొసగకపోయినా, తెర మీద బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ డ్రైవర్ పాతదైనా అదే అంకె రావచ్చు. అసలు కారణం, ఆట తన పనులను నమోదు చేసుకునే లాగ్ ఫైల్‌లో రాసి ఉంటుంది.

చాలామంది ముందుగా లాంచర్‌ను (ఆటను తెరిచే ప్రోగ్రామ్‌ను) తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. దీన్ని మొదటి మార్గంగా నేను సూచించను. లాంచర్‌ను తొలగించినా ఆట ఫోల్డర్ సాధారణంగా అలాగే మిగిలిపోతుంది కనుక, తప్పు అందులో ఉంటే కొత్త లాంచర్‌కూ అదే తప్పు ఎదురవుతుంది. ఆ ఫోల్డర్‌ను కూడా చెరిపేస్తే నెలల తరబడి కట్టుకున్న ప్రపంచాలు పోతాయి.

ముందుగా ప్రపంచాలను భద్రపరచండి

విండోస్‌లో విండోస్ మీట, ‘ఆర్’ మీట కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో రెండు శాతం గుర్తుల నడుమ ‘యాప్‌డేటా’ అని ఇంగ్లిష్ అక్షరాలలో టైప్ చేసి ఎంటర్ నొక్కండి. తెరుచుకున్న చోట చుక్కతో మొదలయ్యే ‘మైన్‌క్రాఫ్ట్’ ఫోల్డర్ ఉంటుంది. అందులోని ‘సేవ్స్’ ఫోల్డర్‌ను మరో చోటికి కాపీ చేయండి. ఈ పని పూర్తయ్యే వరకు తక్కిన దేనినీ ముట్టుకోవద్దు.

లాగ్ చదవండి

అదే ఫోల్డర్‌లోని ‘లాగ్స్’ లోపల ‘లేటెస్ట్’ అనే లాగ్ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి, చివరి నుంచి పైకి చదవండి. ‘కాజ్డ్ బై’ అని మొదలయ్యే వాక్యాలు ఒకటికి మించి ఉంటే, వాటిలో అట్టడుగున ఉన్నదే సాధారణంగా మూల కారణానికి దగ్గరగా ఉంటుంది. అక్కడ ఏదైనా మోడ్ పేరు కనిపిస్తే మీ వెదుకులాట సగం పూర్తయినట్లే. ‘క్రాష్ రిపోర్ట్స్’ ఫోల్డర్‌లో అదే సమయానికి పుట్టిన ఫైల్ ఉంటే దాన్నీ చూడండి. అయితే లాగ్ ఫైల్ సమయాన్ని తప్పక సరిచూసుకోవాలి. ఆట అసలు మొదలే కాకపోతే మీరు చదివేది నిన్నటి లాగ్ కావచ్చు. అటువంటప్పుడు లాంచర్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ లాగ్ చూపించే ఎంపికను ఆన్ చేసి మళ్లీ ప్రయత్నించండి.

జావా వెర్షన్ సరిపోయిందో చూడండి

లాగ్‌లో ‘అన్‌సపోర్టెడ్ క్లాస్ వెర్షన్ ఎర్రర్’ అని ఉంటే కారణం ఇదే. ఆ వాక్యంలో రెండు సంఖ్యలు ఉంటాయి. ఒక్కొక్కదాని నుంచి 44 తీసివేస్తే జావా వెర్షన్ తెలుస్తుంది. ఉదాహరణకు 61, 52 అని ఉంటే, 61 అంటే జావా 17, 52 అంటే జావా 8. ఆ మోడ్‌కో ఆటకో జావా 17 కావలసి ఉండగా మీరు 8తో నడుపుతున్నారన్నమాట. ఆట విషయానికొస్తే 1.16.5 వరకు జావా 8, 1.17కు 16, 1.18 నుంచి 1.20.4 వరకు 17, 1.20.5 మొదలుకొని 1.21 శ్రేణికి 21 అవసరం. లాంచర్ తనకు కావలసిన జావాను తానే తెచ్చుకుంటుంది కాబట్టి, ఎప్పుడో ఎవరో చెప్పగా మనమే మార్చిన సెట్టింగ్ దగ్గరే చిక్కు వస్తుంది. ‘ఇన్‌స్టాలేషన్స్’లో మీ వెర్షన్‌ను ఎడిట్ చేసి, ‘మోర్ ఆప్షన్స్’ కింద ‘జావా ఎగ్జిక్యూటబుల్’ గడిని ఖాళీ చేసి సేవ్ చేయండి.

అదే చోట ‘జేవీఎం ఆర్గ్యుమెంట్స్’ గడిలో ఆటకు కేటాయించిన మెమరీ కూడా ఉంటుంది. ఆబ్జెక్ట్ హీప్‌కు (ఆట కోసం జావా తీసుకునే మెమరీకి) చోటు దొరకలేదని లాగ్ చెబితే, కంప్యూటర్‌లో ఉన్నదానికి మించి అడిగారని గానీ, 32-బిట్ జావాతో నడుపుతున్నారని గానీ అర్థం. మొత్తం ర్యామ్‌లో సగానికి మించి ఇవ్వకపోవడం మేలు.

మోడ్‌లను పరీక్షించండి

లాంచర్‌లో ‘లేటెస్ట్ రిలీజ్’ ఎంచుకుని ఆడి చూడండి. ఇది మోడ్స్ ఫోల్డర్‌ను పట్టించుకోదు కాబట్టి, ఇది తెరుచుకుంటే తప్పు మోడ్‌లలోనో, వాటిని ఆటలోకి ఎక్కించే ఫోర్జ్, ఫ్యాబ్రిక్ వంటి మోడ్ లోడర్‌లోనో ఉందని తేలుతుంది. ఈ పరీక్షలో మీ పాత ప్రపంచాన్ని మాత్రం తెరవవద్దు. కొత్త వెర్షన్‌లోకి మారిన ప్రపంచాన్ని పాత వెర్షన్‌లో మళ్లీ క్షేమంగా తెరవగలమన్న హామీ లేదు.

లాగ్‌లో దోషి పేరు లేకపోతే, మోడ్‌లలో సగాన్ని బయటకు తీసి ఆటను తెరవండి. తెరుచుకుంటే దోషి తీసిన సగంలో ఉంది. లేకుంటే మిగిలిన సగంలో ఉంది. ఆ సగాన్ని మళ్లీ సగం చేయండి. 16 మోడ్‌లలో ఒక్కటే చెడ్డదైతే నాలుగు ప్రయత్నాలలో అది దొరుకుతుంది. ఒక మోడ్ మరో మోడ్‌పై ఆధారపడి ఉంటే ఆ రెండింటినీ ఒకే వైపు ఉంచాలి. ఫోర్జ్ కోసం చేసిన మోడ్ ఫ్యాబ్రిక్‌లో పనిచేయదు. ఫ్యాబ్రిక్ మోడ్‌లలో ఎక్కువ భాగానికి ‘ఫ్యాబ్రిక్ ఏపీఐ’ విడిగా కావాలి. తరచూ జరిగే పొరపాట్లు ఈ రెండే.

గ్రాఫిక్స్ డ్రైవర్

మోడ్‌లు లేకుండానూ ఆట కూలిపోతూ, లాగ్‌లో ‘జీఎల్‌ఎఫ్‌డబ్ల్యూ ఎర్రర్ 65542’ ఉంటే, బొమ్మలు గీయడానికి ఆట వాడే ఓపెన్‌జీఎల్‌ను డ్రైవర్ అందించడం లేదని అర్థం. 1.17 నుంచి ఆటకు కనీసం ఓపెన్‌జీఎల్ 3.2 కావాలి. ఇంటెల్, ఏఎండీ, ఎన్‌విడియాలలో మీ చిప్ ఎవరిదో చూసుకుని, వారి సైట్ నుంచే డ్రైవర్ తెచ్చుకోండి. కోడ్ 1కి బదులు -1073741819 వస్తే ప్రోగ్రామ్ తనది కాని మెమరీని తాకిందన్నమాట. తెర మీద అదనపు సమాచారం చూపించే ఓవర్‌లే ప్రోగ్రామ్‌లను మూసి, డ్రైవర్‌ను మార్చి చూడండి.

ఇవేవీ ఫలించకపోతే లాంచర్‌ను మూసి, ఆట ఫోల్డర్ పేరును మార్చండి, చెరపవద్దు. లాంచర్ మళ్లీ తెరిచినప్పుడు కొత్త ఫోల్డర్ తయారవుతుంది. మోడ్‌లు లేని ఆట అందులో తెరుచుకుంటే, మీ ప్రపంచాలను ఆడిన వెర్షన్‌నే ఎంచుకుని, ముందుగా దాచిన ‘సేవ్స్’ను అందులోకి కాపీ చేయండి. ఆ తర్వాత మోడ్‌లను ఒక్కొక్కటిగా చేరుస్తూ, చేర్చిన ప్రతిసారీ ఆటను తెరిచి చూడండి.