మందు మాన్పించాలంటే ముందు మెదడు సంగతి తెలుసుకోండి

కోనసీమలో గానీ పాలకొల్లు, భీమవరం వైపు గానీ, ఇంట్లో మందు గొడవ వస్తే మొదట వినపడే మాట "మనసుంటే మానలేడా" అని. అంత తేలిక కాదండి. ఎందుకు కాదో తెలిస్తే ఏం చెయ్యాలో, ముఖ్యంగా ఏం చెయ్యకూడదో తెలుస్తుంది.

మెదడు కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే రసాయనాల్లో చిన్న చిన్న ప్రొటీన్ ముక్కలు కొన్ని ఉంటాయి, వాటినే న్యూరోపెప్టైడ్‌లు అంటారు. అవి వచ్చి అతుక్కునే చోటు రిసెప్టర్. మందు పడగానే ఎండార్ఫిన్‌లు అనే పెప్టైడ్‌లు విడుదలై మ్యూ ఓపియాయిడ్ అనే రకం రిసెప్టర్ల మీద పనిచేస్తాయి, ఆ హాయిలో చాలా భాగం అక్కణ్ణుంచే. కొత్తలో తాగేది దానికోసమే. ఏళ్ల తరబడి తాగాక కథ మారిపోతుంది. మందు దిగుతున్నప్పుడల్లా అమిగ్డలా అనే భాగంలో సీఆర్ఎఫ్ అనే పెప్టైడ్ పెరిగి టెన్షన్, చిరాకు, ఊరికే భయం మొదలవుతాయి, డైనార్ఫిన్ అనే ఇంకో పెప్టైడ్ కప్పా అనే రకం రిసెప్టర్ల మీద పడి ఏదీ రుచించని దిగులు తెస్తుంది. వీటిని చల్లార్చే ఎన్‌పీవై అనే పెప్టైడ్ ఏమో తగ్గిపోయి ఉంటుంది. ఆ ఎన్‌పీవై లేకుండా పుట్టించిన ఎలుకలు మామూలు వాటికంటే ఎక్కువ ఆల్కహాల్ తాగాయని 1998లోనే చూశారు. అంటే రాత్రంతా చెరువు గట్టున కాపలా ఉండి పొద్దున్నే క్వార్టర్ కోసం వెతుక్కునే మనిషి సరదాకి వెతకట్లేదు, ఆ బాధ ఆగడానికి వెతుకుతున్నాడు.

అందుకని రోజూ ఎక్కువగా తాగే మనిషిని గదిలో పెట్టి గడియ వేసి ఒక్కసారిగా మాన్పించకండి. చివరిసారి తాగిన కొన్ని గంటలకే వణుకు, చెమటలు మొదలై, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి లేనివి కనపడటం, మతి తప్పడం జరగొచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. (ఫిట్స్‌కి ప్రధాన కారణం గాబా, గ్లుటమేట్ అనే వేరే రసాయనాలు.) ఆస్పత్రిలోనే మాన్పించాలి. నీరసంగా ఉన్నాడని ఊళ్ళో గ్లూకోజ్ ఎక్కించేస్తుంటారు చూడండి, అలాంటి మనిషికి దానికంటే ముందు లేదా దాంతోపాటు బీ1 విటమిన్ ఇంజెక్షన్ పడాలి, గట్టిగా అడగండి.

వణుకు తగ్గాక నాల్ట్రెక్సోన్ గురించి డాక్టర్‌ని అడగండి. అమెరికాలో 1994 నుంచి మద్యం అలవాటుకి వాడుతున్న మాత్ర, మామూలుగా రోజుకి 50 మిల్లీగ్రాములు. బస్సులో కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టు అది ముందే వెళ్ళి మ్యూ రిసెప్టర్ మీద కూర్చుంటుంది, ఎండార్ఫిన్ వచ్చినా దానికి చోటుండదు, తాగినా అంత మజా రాదు. అందరికీ ఒకేలా పనిచెయ్యదు. లివర్ పరీక్ష చేయించాకే మొదలుపెట్టాలి, ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడుతుంటే తప్పకుండా చెప్పాలి. సీఆర్ఎఫ్ రిసెప్టర్‌ని ఆపే మందులు కూడా తయారుచేశారు, ఎలుకల్లో బాగా పనిచేసినా మనుషుల్లో తాగాలన్న కోరికని తగ్గించలేకపోయాయి. కాబట్టి ఆ టెన్షన్‌ని తగ్గించే పని ఇంకా ఇంట్లోవాళ్ళ చేతుల్లోనే చాలావరకు ఉంది.

తాగుడు మాన్పిస్తాయని ఇచ్చే పొడులు అతనికి తెలియకుండా కూరలో కలపడం మాత్రం వద్దు. వాటిలో డైసల్ఫిరామ్ అనే మందు ఉంటే ఈ పెప్టైడ్‌లతో దానికి సంబంధమే లేదు, మద్యం విరిగే దారిని అడ్డుకుంటుంది. తెలియక తాగాడంటే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఇంటికొచ్చాక కొన్ని వారాలు నిద్ర సరిగ్గా పట్టదు, చీటికిమాటికి విసుక్కుంటాడు. అది పొగరు కాదు, ఆ పెప్టైడ్‌లు ఇంకా సర్దుకోలేదు. సాయంత్రం ఆకలితో ఉంచకండి. ఆకలప్పుడు పొట్టలోంచి వచ్చే గ్రెలిన్ అనే హార్మోన్‌ని బాగా తాగేవాళ్ళకి నరంలోకి ఎక్కించి చూస్తే తాగాలనే కోరిక పెరిగింది, అందుకే చీకటి పడకముందే కడుపునిండా పెట్టెయ్యండి. కొన్నాళ్ళు రాత్రి కాపలా ఇంకెవరికైనా అప్పజెప్పండి. సంక్రాంతికి బరుల దగ్గరికి పంపకండి, ఆ వాసన, ఆ స్నేహితులు చాలు కోరిక లేవడానికి. అప్పుల మాట ఎత్తాల్సి వస్తే పొద్దున్న నెమ్మదిగా ఎత్తండి.

కాకినాడ ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్)లో సైకియాట్రీ విభాగం ఉంది. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళలోనైనా ఫోన్ చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. మధ్యలో ఒకరోజు తాగేసినా "ఇంతే వీడు" అని వదిలెయ్యకండి, మీ అంతట మీరు మాత్ర ఆపెయ్యకండి, మర్నాడే డాక్టర్‌కి చెప్పండి.