స్విచ్ బొమ్మ పని మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

స్విచ్ బొమ్మ అంటే వైకల్యం ఉన్న విద్యార్థి బయట తగిలించిన స్విచ్ నొక్కి ఆడించేలా మార్చిన బ్యాటరీ బొమ్మ. ఆ బొమ్మ విద్యార్థిది. స్క్రూడ్రైవర్ పట్టకముందే తననే అడగండి: ఏ బొమ్మ కావాలి, స్విచ్‌ను దేనితో నొక్కుతావు, చేతితోనా, మోచేతితోనా, తలతోనా? చేతులు సహకరించని పిల్లలు కూడా "తీగ ఇక్కడ పెట్టండి" అని చెప్పి పని నడిపించగలరు. ఆ అవకాశాన్ని మనం లాక్కోకూడదు.

• గోడ ప్లగ్గుకు తగిలించే బొమ్మలు వద్దే వద్దు. మామూలు ఏఏ బ్యాటరీలవి చాలు.

• విప్పకముందే కొత్త బ్యాటరీలు వేసి ఆడించి చూడండి.

• మీట వేస్తే ఆడుతూనే ఉండే బొమ్మకు బ్యాటరీకీ స్ప్రింగుకూ మధ్య రాగి బిళ్ల (రెండు వైపులా రాగి పొర, మధ్యలో కరెంటు పారని పొర, రాగి పొరల నుంచి స్విచ్‌కు తీగలు) దూర్చితే సరిపోతుంది. దాని రెండు రాగి పొరలూ అంచుల్లో ఎక్కడైనా తగిలితే స్విచ్ నొక్కకుండానే బొమ్మ ఆడుతుంది. వెలుతురులో పెట్టి చుట్టూ చూడండి. ఒక్కసారి నొక్కితే కాసేపు పాడి ఆగిపోయే బొమ్మకు ఈ బిళ్ల పనికిరాదు.

• తీగలు అతికించే సోల్డరింగ్ ఐరన్ మొన 300 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. చేయి అదుపు తప్పి విసురుగా కదిలినా అందనంత దూరంలో స్టాండు ఉంచండి. స్పర్శ తెలియని విద్యార్థికి చర్మం కాలినా తెలియదు, ఇది చాలామందికి తట్టదు. కళ్లద్దాలు, తెరిచిన కిటికీ తప్పనిసరి.

• బటన్ సెల్ (గుండీలాంటి చిన్న బ్యాటరీ) ఉంటే లెక్కపెట్టి డబ్బాలో మూయండి. మింగితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

• మూర్ఛ వచ్చే పిల్లలుంటే మెరిసే దీపాల బొమ్మలను పక్కన పెట్టండి.

• 3.5 మిల్లీమీటర్ల జాక్ (స్విచ్ తీగను గుచ్చే చోటు) విద్యార్థి స్విచ్‌కు సరిపోతుందో లేదో ముందే చూసుకోండి.